ఉద్యోగం చేస్తూ ఆన్‌లైన్‌లో ఎంబీఏ: చేరే ముందు నుంచి పట్టా చేతికొచ్చే దాకా

"ఉద్యోగం మానకుండా ఎంబీఏ చేయొచ్చా? ఆ డిగ్రీ చెల్లుతుందా? పరీక్షకు ఎక్కడికి పోవాలి?" బ్యాంకు ఉద్యోగులు, సింగరేణి వాళ్లు, మెడికల్ రెప్‌లు, వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో అడ్తి దుకాణాల లెక్కలు రాసేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివే. చేయొచ్చు. చెల్లుతుంది కూడా. షరతు ఒక్కటే: మీరు చేరే సెషన్‌లో ఆ యూనివర్సిటీకి ఆ కోర్సును ఆన్‌లైన్‌లో నడిపే అర్హత యూజీసీ ఇచ్చి ఉండాలి. అలా చదివిన డిగ్రీ కాలేజీకి వెళ్లి చదివిన డిగ్రీతో సమానమని 2022 సెప్టెంబరులో యూజీసీ స్పష్టంగా చెప్పింది.

సబ్జెక్టులు కష్టమై మధ్యలో వదిలేసేవాళ్లు తక్కువ. అనుమతి లేని చోట చేరడం, సర్టిఫికెట్లలో పేరు కలవకపోవడం, అసైన్‌మెంట్ తేదీ దాటిపోవడం, పరీక్ష రోజు కరెంటు పోవడం వల్ల దెబ్బతినేవాళ్లే ఎక్కువ. అందుకే ఇక్కడ పాఠాల కంటే వీటి గురించే ఎక్కువ రాశాం.

ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

- పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, డిగ్రీ మెమోలన్నీ, ప్రొవిజనల్ లేదా ఓడీ (ఒరిజినల్ డిగ్రీ). విడివిడి పీడీఎఫ్‌లుగా స్కాన్ చేయించండి. ఫోన్‌తో వంకరగా తీసిన ఫొటోలు వెనక్కొస్తాయి.
- డిగ్రీలో 50 శాతం మార్కులు, రిజర్వుడు వర్గాలకు 45 శాతం. చాలా యూనివర్సిటీలు అడిగేది ఇదే.
- ఆధార్, దానికి లింకైన ఫోన్ నంబరు. ఆ నంబరు మీ చేతిలో ఉండాలి.
- కెమెరా, మైకు పనిచేసే ల్యాప్‌టాప్. పాఠాలకు ఫోన్ సరిపోతుంది, పరీక్షకు సరిపోదు.
- ఇంట్లో ఇంటర్నెట్ కనెక్షన్, దానికి తోడు వేరే కంపెనీ సిమ్ ఒకటి.
- వారానికి 9 నుంచి 12 గంటలు. ఇది లేకపోతే పైవన్నీ ఉన్నా లాభం లేదు.

1. ఆన్‌లైనా, దూరవిద్యా? ముందు తేల్చుకోండి

చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. దూరవిద్యలో పుస్తకాలు ఇస్తారు, సెలవు రోజుల్లో కొన్ని క్లాసులు పెడతారు, పరీక్ష సెంటర్‌కు వెళ్లి పెన్నుతో రాయాలి. కాకతీయ యూనివర్సిటీ దూరవిద్యా కేంద్రం, 1982 నుంచి నడుస్తున్న మన అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఈ కోవలోవి. ఆన్‌లైన్ విధానంలో వీడియో పాఠాలు, నోట్సు, చర్చా వేదిక, స్వీయ పరీక్షలు అన్నీ ఒకే పోర్టల్‌లో ఉంటాయి. పరీక్షను కూడా చాలా చోట్ల ఇంటి నుంచే కెమెరా ముందు రాయొచ్చు.

ఇంట్లో నెట్ సరిగా రాకపోయినా, టైపింగ్ అలవాటు లేకపోయినా దూరవిద్యే మేలు. అది తక్కువ చదువేమీ కాదు, ఫీజు కూడా తక్కువే. నెలలో సగం రోజులు టూర్లలో ఉండేవాళ్లకు ఆన్‌లైన్ నప్పుతుంది.

2. అనుమతిని మీరే చూడండి

ఈ పనికి అరగంట చాలు. కన్సల్టెన్సీ వాళ్లు చూపించే కాగితాన్ని నమ్మకండి. యూజీసీ దూరవిద్యా విభాగం, అంటే డీఈబీ వెబ్‌సైట్ తెరిచి మూడు విషయాలు చూడండి.

మొదటిది, యూనివర్సిటీ పూర్తి పేరు. ఒకే రకం పేర్లతో వేర్వేరు రాష్ట్రాల్లో యూనివర్సిటీలు ఉంటాయి. రెండోది, కోర్సు పేరు ఏ జాబితాలో ఉందో. దూరవిద్య జాబితాలో పేరు ఉన్నంత మాత్రాన ఆన్‌లైన్‌కు అనుమతి ఉన్నట్టు కాదు. మూడోది, సెషన్. ఏటా రెండు సార్లు, జనవరి-ఫిబ్రవరిలో ఒకసారి, జులై-ఆగస్టులో ఒకసారి చేరికలు ఉంటాయి. నిరుడు ఉన్న అనుమతి ఈసారి లేకపోవచ్చు. అదే వెబ్‌సైట్‌లో చేరికలు ఆపేసిన సంస్థల నోటీసులు కూడా పెడతారు, వాటినీ చదవండి. చూసిన పేజీలను తేదీ కనిపించేలా పీడీఎఫ్‌గా దాచుకోండి. రేపు ప్రమోషన్‌కో పీహెచ్‌డీకో డిగ్రీ పెట్టినప్పుడు ఇవి అడగవచ్చు.

ఈ మాటలు వినబడితే అక్కడి నుంచి లేచి రండి:

"ఏడాదిలో ఎంబీఏ పూర్తి చేయిస్తాం." ఎంబీఏకు కనీసం రెండేళ్లు పడుతుంది. దీనికి దగ్గరి దారి లేదు.

"పాత తేదీతో అడ్మిషన్ ఇప్పిస్తాం." ఇది ఫోర్జరీ. రేపు కేసైతే ఇరుక్కునేది మీరే.

"పరీక్ష మేం రాయించుకుంటాం." పైదానికంటే ఇంకా ప్రమాదం.

"విదేశీ యూనివర్సిటీ డిగ్రీ, ఇక్కడి యాప్ ద్వారా." యూజీసీ గుర్తింపు లేని విదేశీ సంస్థలతో కలిసి యాప్‌లు, కాలేజీలు ఇచ్చే డిగ్రీలు చెల్లవని 2023 డిసెంబరులోనే హెచ్చరిక వచ్చింది.

ఇంకొకటి. పెద్ద సంస్థలు ఇచ్చే 'ఎగ్జిక్యూటివ్ ప్రోగ్రాం'లలో చాలావరకు సర్టిఫికెట్ కోర్సులే. నేర్చుకోవడానికి మంచివే, కానీ అది ఎంబీఏ డిగ్రీ కాదు. బ్రోచర్‌లో 'డిగ్రీ' అన్న మాట ఉందో లేదో వెతకండి.

ప్రభుత్వ ఉద్యోగులు చేరే ముందే శాఖ నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. డిగ్రీ వచ్చాక సర్వీసు రిజిస్టర్‌లో ఎక్కించమని అడిగినప్పుడు మొట్టమొదట చూసేది ఆ కాగితాన్నే.

3. పేరు కలుస్తోందో లేదో చూసి, ఐడీలు తీసుకోండి

2024 నుంచి ఆన్‌లైన్, దూరవిద్య కోర్సుల్లో చేరాలంటే డీఈబీ ఐడీ తప్పనిసరి. దానికంటే ముందు ఏబీసీ ఐడీ (మీ చదువు క్రెడిట్లు జమయ్యే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఖాతా నంబరు) ఉండాలి. వరుస ఇది: డిజిలాకర్‌లో ఆధార్‌తో ఖాతా తెరవాలి, అందులో 12 అంకెల ఏబీసీ ఐడీ తీసుకోవాలి, ఆ తర్వాత డీఈబీ పోర్టల్‌లో డీఈబీ ఐడీ సృష్టించుకోవాలి. యూనివర్సిటీ దరఖాస్తు ఆ తర్వాతే.

చిక్కంతా పేరు దగ్గర వస్తుంది. మన దగ్గర పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, డిగ్రీ మెమోలో చివరికి పోతుంది. ఐడీలోకి ఆధార్ పేరే వస్తుంది. యూనివర్సిటీ పోల్చేది పదో తరగతి మెమోతో. పెళ్లయ్యాక ఆధార్‌లో ఇంటిపేరు మార్చుకున్న ఆడవాళ్లకు ఈ ఇబ్బంది మరీ ఎక్కువ.

చేయాల్సింది: మెమోలు, ఆధార్ పక్కపక్కన పెట్టుకుని పేరును అక్షరం అక్షరం ఇంగ్లిష్‌లో చదవండి. పుట్టిన తేదీ, తండ్రి పేరు కూడా చూడండి. తేడా ఉంటే పదో తరగతి మెమోనే ఆధారంగా పెట్టుకుని ఆధార్‌ను సరిచేయించండి. ఆధార్‌లో పేరును మామూలుగా రెండుసార్లే మార్చనిస్తారు, కాబట్టి స్పెల్లింగ్ రాసి పట్టుకుని వెళ్లండి. తేడా ఇంటిపేరు విస్తరణ వరకే అయితే కొన్ని యూనివర్సిటీలు అఫిడవిట్‌తో ఒప్పుకుంటాయి. ఆ మాటను ఈమెయిల్‌లో రాయించుకోండి, ఫోన్‌లో చెప్పింది లెక్కలోకి రాదు.

ఏ ఐడీ కోసమైనా కన్సల్టెన్సీ వాళ్ల ఫోన్ నంబరు, ఈమెయిల్ ఇవ్వకండి. తర్వాత పాస్‌వర్డ్ కోసం వాళ్ల చుట్టూ తిరగాల్సి వస్తుంది.

4. ఫీజు మొత్తం ఎంతో రాయించుకుని కట్టండి

బ్రోచర్‌లో పెద్దక్షరాల్లో కనిపించేది ఒక్క సెమిస్టర్ ఫీజు. దాని మీద పరీక్ష ఫీజు, ప్రాజెక్టు ఫీజు, బ్యాక్‌లాగ్ ఫీజు, పట్టా ఫీజు పడతాయి. అవన్నీ కలిపి నాలుగు సెమిస్టర్లకు ఎంతో ఈమెయిల్‌లో అడగండి. డబ్బు యూనివర్సిటీ ఖాతాకే పోవాలి, రసీదు యూనివర్సిటీ పేరు మీదే రావాలి. కౌన్సెలర్ ఫోన్‌పే నంబరుకు 'సీటు బుకింగ్' అంటూ వెయ్యి రూపాయలు కూడా పంపకండి.

'నో కాస్ట్ ఈఎంఐ' అంటే వాయిదాల్లో కట్టడం అనుకుంటారు. చాలాసార్లు అది మీ పేరు మీద ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే అప్పు. చదువు మధ్యలో ఆపినా వాయిదాలు ఆగవు, ఒకటి తప్పితే సిబిల్ స్కోరు పడుతుంది. సంతకానికి ముందు ఆ రుణం ముఖ్యాంశాల పత్రం అడిగి వడ్డీ, ప్రాసెసింగ్ చార్జీ, ముందుగా తీర్చేస్తే పడే చార్జీ చూడండి. కుదిరితే సెమిస్టర్‌కొకసారి సొంత డబ్బుతో కట్టడమే ఉత్తమం. మొదటి సెమిస్టర్‌లోనే మీకు ఇది నప్పుతుందో లేదో తెలిసిపోతుంది.

5. వారం లెక్క వేసుకోండి

ఇగ్నో ఎంబీఏ 116 క్రెడిట్లు. ఒక క్రెడిట్‌కు 30 గంటల చదువు అని లెక్క, అంటే మొత్తం 3,480 గంటలు. రెండేళ్లలో ముగించాలంటే వారానికి దాదాపు 33 గంటలు, మూడేళ్లకు సర్దితే 22. ఉద్యోగం చేసేవాళ్లు అంత చదవరు. పని అనుభవం వల్ల కొన్ని సబ్జెక్టులు త్వరగా ఎక్కుతాయి కాబట్టి 9 నుంచి 12 గంటలతో గట్టెక్కుతారు. అంతకంటే తగ్గితే మాత్రం బ్యాక్‌లాగ్‌లు మొదలవుతాయి. గడువు నాలుగేళ్ల దాకా ఉన్నప్పుడు మూడేళ్ల ప్లాన్ వేసుకోవడంలో నామోషీ ఏమీ లేదు.

పగటి ఉద్యోగమైతే వారంలో ఐదు రోజులు పొద్దున 5 నుంచి 6 దాకా, ఆదివారం 4 గంటలు, మొత్తం 9. రాత్రి అన్నం తిన్నాక చదువుదామనేది రెండు వారాలకు మించి నిలవదు. షిఫ్టులవాళ్లు రోజువారీ టైంటేబుల్ పెట్టుకోవద్దు, షిఫ్టుకొకటి పెట్టుకోండి: సెకండ్ షిఫ్ట్ వారంలో పొద్దున రెండు గంటలు కొత్త పాఠాలు, నైట్ షిఫ్ట్ వారంలో విన్న పాఠాల నోట్సు మాత్రమే. నైట్ దిగి వచ్చి అకౌంట్స్ వింటే బుర్రకెక్కదు.

కాజీపేట నుంచి సికింద్రాబాద్ రోజూ రైల్లో పోయి వచ్చేవాళ్లు దారిలో వీడియో చూద్దామనుకుంటారు. దారి పొడవునా సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. యాప్‌లో డౌన్‌లోడ్ సౌకర్యం ఉంటే ముందు రాత్రే దింపుకోండి. లేకపోతే నోట్సు పీడీఎఫ్ చదవండి. వీడియో నాణ్యత 480 దగ్గర పెట్టుకుంటే బోర్డు మీద అంకెలు కనిపిస్తాయి, డేటా కూడా మిగులుతుంది.

సెమిస్టర్ మొదట్లోనే మీ పని రద్దీని క్యాలెండర్‌లో గుర్తు పెట్టండి. అకౌంటెంట్లకు ప్రతి నెలా 11, 20 తేదీల్లో జీఎస్టీ రిటర్నులు, మార్చి ఆఖరు. మార్కెట్ వాళ్లకు ఫిబ్రవరి నుంచి మిర్చి సీజన్. ఆర్టీసీ, పోలీసు, కరెంటు ఉద్యోగులకు రెండేళ్లకోసారి మాఘమాసంలో మేడారం డ్యూటీ. అసైన్‌మెంట్ గడువు ఈ రోజుల్లో పడితే మూడు వారాల ముందే రాసేయండి.

6. మొదటి నెల అకౌంట్స్ మీదే పెట్టండి

బీఏ, బీఎస్సీ చదివినవాళ్లకు మొదటి సెమిస్టర్‌లో అకౌంట్స్, స్టాటిస్టిక్స్ గోడలా అడ్డొస్తాయి. క్లాసులు మొదలయ్యే ముందు రెండు వారాలు ఇంటర్ సీఈసీ కామర్స్ పుస్తకం తెలుగులో చదవండి: జర్నల్, లెడ్జర్, అంకణా (ట్రయల్ బ్యాలెన్స్), అంత వరకు చాలు. తర్వాత ఇంగ్లిష్ పాఠం దానంతటదే అర్థమవుతుంది.

లెక్కకు జవాబు రాసే తీరు కూడా ఇప్పుడే పట్టుకోండి. ఉదాహరణకు బ్రేక్-ఈవెన్. ఒక టిఫిన్ సెంటర్‌కు నెలకు స్థిర ఖర్చు 24,000 రూపాయలు. ప్లేటు ఇడ్లీ ధర 40, ప్లేటుకు అయ్యే ఖర్చు 28. ప్లేటు మీద మిగిలేది 12. 24,000ను 12తో భాగిస్తే 2,000 ప్లేట్లు. రోజుకు 67 ప్లేట్లు అమ్ముడుపోతే నష్టమూ లేదు, లాభమూ లేదు. పరీక్షలో సూత్రం ఒక లైను, అంకెలు ఒక లైను, జవాబు యూనిట్‌తో సహా ఒక లైను, చివర దాని అర్థం ఒక వాక్యం. ఎక్కువమంది వదిలేసేది ఈ ఆఖరి వాక్యాన్నే. మార్కులు పోయేది కూడా అక్కడే.

తెలుగు మీడియంలో చదివినవాళ్లు భయపడకండి. చిన్న చిన్న ఇంగ్లిష్ వాక్యాలు రాయండి. సాంకేతిక పదాలను పుస్తకంలో ఉన్నట్టే వాడండి. భాష అందంగా లేదని మార్కులు కోయరు, పాయింట్ లేదని కోస్తారు.

7. అసైన్‌మెంట్లు

ఇంటర్నల్స్‌కు 30 శాతం దాకా మార్కులుంటాయి, మిగతాది సెమిస్టర్ పరీక్షకు. చాలా చోట్ల రెండింటిలోనూ విడివిడిగా పాస్ కావాలి. పరీక్షలో 80 శాతం తెచ్చుకుని, అసైన్‌మెంట్ పెట్టక ఫెయిలైనవాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు:

- ఆఖరి రాత్రి 11 గంటల తర్వాత అప్‌లోడ్ చేయడం. ఆ సమయంలో సర్వర్ మొరాయిస్తుంది. మీ గడువును మీరే రెండు రోజులు ముందుకు జరుపుకోండి.
- తప్పు సబ్జెక్టులో పెట్టడం. ఫైల్ పేరులో ఎన్‌రోల్‌మెంట్ నంబరు, సబ్జెక్టు కోడ్ రెండూ పెట్టండి.
- వాట్సాప్ గ్రూపులో తిరిగే జవాబులు దించడం. పదిమంది ఒకటే పెడితే సాఫ్ట్‌వేర్ పట్టుకుంటుంది, పదిమందికీ సున్నా వేస్తారు. ఏఐ రాసిచ్చింది యథాతథంగా పెట్టినా ఇదే గతి. వైవాలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు.
- రసీదు దాచుకోకపోవడం. 'సబ్మిటెడ్' అని చూపించే పేజీ స్క్రీన్‌షాట్ తీసుకోండి.

సరిచూసుకునే పద్ధతి: పెట్టాక ఒకసారి లాగౌటై మళ్లీ లాగిన్ చేసి, మీ ఫైల్‌ను మీరే తెరిచి చూడండి. ఖాళీ పేజీలు, తలకిందులైన స్కాన్‌లు అప్పుడే బయటపడతాయి.

8. ఇంటి నుంచి పరీక్ష

వారం ముందు: మాక్ టెస్టు తప్పక రాయండి, పరీక్ష రాసే ల్యాప్‌టాప్‌లోనే, అదే గదిలో. ఆఫీసు ల్యాప్‌టాప్ వద్దు. అందులోని భద్రతా సాఫ్ట్‌వేర్ పరీక్ష బ్రౌజర్‌ను అడ్డుకుంటుంది. దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపే ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ లాంటివి ఉంటే తీసేయండి, అవి కనిపించినా పరీక్ష ఆగిపోవచ్చు. టైపింగ్ కూడా లెక్క చూసుకోండి. మూడు గంటల్లో 70 మార్కులంటే 10 మార్కుల జవాబుకు 25 నిమిషాలు. 350 పదాల జవాబును నిమిషానికి 20 పదాల వేగంతో కొడితే టైపింగ్‌కే 17 నిమిషాలు పైన పోతుంది, ఆలోచనకు మిగిలేది 7 నిమిషాలు. వేగం 30కి తెచ్చుకోవడానికి నెల రోజులు, రోజుకు పావుగంట సాధన చేస్తే చాలు.

కరెంటు పోతే ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంది, నెట్ మాత్రం పోతుంది. వైఫై డబ్బా ఆగిపోతుంది కదా. ఇన్వర్టర్ లేనివాళ్లు రౌటర్‌కు మినీ యూపీఎస్ కొనుక్కోండి. కొనే ముందు రౌటర్ అడాప్టర్ మీద 12 వోల్టులా, 9 వోల్టులా అని చదవండి. వోల్టేజీ కలవకపోతే రౌటర్ కాలిపోతుంది. ఆంపియర్ అడాప్టర్ మీద ఉన్నంత లేదా అంతకంటే ఎక్కువ ఉండాలి. ఫైబర్ కనెక్షన్‌కు రెండు డబ్బాలుంటే రెండింటికీ బ్యాకప్ కావాలి.

ముందు రోజు: దినపత్రిక జిల్లా పేజీలో మరమ్మతుల కోసం కరెంటు నిలిపేసే ప్రాంతాల వార్త చూడండి. మీ ఫీడర్ (మీ ప్రాంతానికి కరెంటిచ్చే లైను) ఉంటే బంధువుల ఇంటికి ఇప్పుడే ఏర్పాటు చేసుకోండి. రెండో సిమ్ హాట్‌స్పాట్‌ను ల్యాప్‌టాప్‌కు ఒకసారి కలిపి పాస్‌వర్డ్ సేవ్ చేయండి. పరీక్ష మధ్యలో ఫోన్ చేతిలోకి తీసుకుంటే కాపీ కింద రాసుకునే ప్రమాదముంది. అందుకే అనుమతి ఉంటే హాట్‌స్పాట్ ముందే ఆన్ చేసి ఫోన్ దూరంగా పెట్టండి, లేకపోతే పరీక్ష నియమాల్లో ఏమందో అదే పాటించండి.

ఆ రోజు: అరగంట ముందు కూర్చోండి. వెలుగు ముఖం మీద పడాలి, వెనక కిటికీ ఉంటే ముఖం నల్లగా వస్తుంది. గోడ మీది క్యాలెండర్, బల్ల మీది కాగితాలు తీసేయండి. తలుపు గడియ పెట్టి ఇంట్లోవాళ్లకు చెప్పండి. వెనక ఎవరు నడిచినా హెచ్చరిక వస్తుంది. పెదాలు కదుపుతూ చదివే అలవాటుంటే మానుకోండి, దాన్ని మాట్లాడటం కింద లెక్కేస్తారు.

నెట్ తెగితే కంగారుపడి వేరే బ్రౌజర్ తెరవకండి. అదే బ్రౌజర్ విండోలో మళ్లీ లాగిన్ చేయండి, రాసిన జవాబులు చాలావరకు సేవై ఉంటాయి. తిరిగి వెళ్లలేకపోతే అదే రోజు సహాయ కేంద్రానికి సమయంతో సహా ఈమెయిల్ పెట్టండి. కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు చేసిన ఫిర్యాదు నంబరు, పేపర్లో వచ్చిన వార్త ఫొటో జత చేస్తే రీఎగ్జామ్ అడగడానికి బలం ఉంటుంది.

9. ప్రాజెక్టు

'భారతదేశంలో మార్కెటింగ్' లాంటి పేరు పెడితే మునిగిపోతారు. ఒక చోటు, ఒక సరుకు, ఒక ప్రశ్న తీసుకోండి: ఎనుమాములకు మిర్చి తెచ్చే రైతులు వెంటనే అమ్మడానికీ, కోల్డ్ స్టోరేజీలో పెట్టడానికీ మధ్య ఎలా తేల్చుకుంటున్నారు? కొత్తవాడ జంపఖానాల నేతకారులకు ఆన్‌లైన్ అమ్మకం ఎంత అందుతోంది? ప్రశ్నావళి తెలుగులో తయారు చేయండి, 15 ప్రశ్నలు మించొద్దు. ముందు ఐదుగురిని అడిగి చూసి, అర్థం కాని ప్రశ్నలు మార్చి, ఆ తర్వాతే మిగతావాళ్ల దగ్గరికి వెళ్లండి. సీజన్‌లో పొద్దున వేలం వేళ ఎవరూ మాట్లాడరు, మధ్యాహ్నం కాంటాలయ్యాక వెళ్లండి.

మీ కంపెనీ లెక్కలు వాడాలంటే రాతపూర్వక అనుమతి ఉండాలి. ఇతరుల రాతతో పోలిక 10 శాతం లోపు ఉండేలా చూసుకోండి.

10. ప్రతి సెమిస్టర్ తర్వాత

ఫలితాలొచ్చిన నెలలోపు డిజిలాకర్‌లో ఏబీసీ ఖాతా తెరిచి క్రెడిట్లు జమయ్యాయో లేదో చూడండి. పడకపోతే అప్పుడే రాయండి, మూడేళ్ల తర్వాత రాస్తే పాత రికార్డు వెతికించడం కష్టం. మెమోలో పేరు, తండ్రి పేరు, సబ్జెక్టు కోడ్‌లు చూడండి. సర్టిఫికెట్ మీద ఆన్‌లైన్ అని ఉంటుందా అని అడుగుతుంటారు. ఉంటుంది. ఏ విధానంలో చదివారో చెప్పాలని నిబంధనలోనే ఉంది. దాన్ని ఇంటర్వ్యూలో దాచాల్సిన పనిలేదు. ఉద్యోగం చేస్తూ చదివానని ధైర్యంగా చెప్పండి, రెండో దశలో దాచుకున్న డీఈబీ పేజీ పీడీఎఫ్‌ను దరఖాస్తుతో జత చేయండి.

పట్టాకు దరఖాస్తు విడిగా పెట్టాలి, దానంతటది ఇంటికి రాదు. చిరునామాలో పిన్‌కోడ్, పనిచేసే ఫోన్ నంబరు ఇవ్వండి. ఈలోగా ప్రొవిజనల్‌తో పని జరుగుతుంది. దాని మీద గడువు రాసి ఉంటే ఆ తేదీ లోపే పట్టా తెప్పించుకోండి.